మా తగాదా పెంచిన పిల్ల

మా ఊళ్ళో దయ లేని మనిషంటూ లేరు. ఆ పిల్ల కనబడితే చాలు, ప్రతివాళ్ళూ "అయ్యో పాపం" అనేవారు. అనడానికి ఖర్చేమీ లేదు కనక నేనూ అన్నాను.

తల్లి పోయింది. తండ్రి జి. కొండూరు వైపు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. వచ్చే నెల వచ్చి తీసుకెళతానని పిల్లని తన చెల్లెలింట్లో దింపి పోయాడు. ఆ వచ్చే నెల ఏ సంవత్సరంలోదో మాత్రం చెప్పలేదు. పిల్ల మేనత్త మామిడి తోటల్లో కాయ కోతకీ, కాయ ఏరడానికీ పోయే మనిషి. ఆవిడకే ముగ్గురు పిల్లలు. తెల్లారి పనికి పోతూ, ఈ పిల్ల బడిలో అన్నం తింటుందిలే అనుకునేది. బడిలో పంతులమ్మగారు, పిల్ల రాలేదు కాబట్టి ఇంట్లో తింటోందిలే అనుకునేది. మేనత్త ఉండే కాలనీ వాళ్ళు ఊళ్ళో ఎవరో పెడుతున్నారనుకునేవారు. ఊళ్ళోవాళ్ళు కాలనీలో పెడుతున్నారనుకునేవారు. ఇన్ని ఇళ్ళలో తింటున్నా పిల్ల మాత్రం చీపురుపుల్లలా ఉండేది. అప్పటికి ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో.

ఆ పిల్ల సంగతి చెప్పాలంటే ముందు మా గోడ సంగతి చెప్పాలి.

మాది నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే వైపు, తోటల్లో ఉన్న ఊరు. మా ఆయనా, ఆయన తమ్ముడూ వేరుపడ్డప్పుడు ఇల్లు రెండు చేసుకుని మధ్యలో గోడ కట్టారు. ఇటుక ఎక్కువ పట్టకూడదని నేను, గాలి ఆడాలని ఆవిడ, ఇద్దరి మాటా నెగ్గి ఆ గోడ మా భుజాల దాకా వచ్చి ఆగింది. ఆవిడంటే నా తోటికోడలు. వెనకాల తోట మాత్రం పంచుకోలేదు. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. మోటారు వేసే స్టార్టరు నా కొట్టంలో ఉంది. నీళ్ళు ఏ వైపు చెట్లకి మళ్ళాలో తిప్పే గేటు వాల్వు ఆవిడ పెరట్లో ఉంది. వాల్వు మూసి ఉండగా మోటారు వేస్తే పైపు పగులుతుంది. అంటే నేను ఆవిడకి చెప్పకుండా మోటారు వెయ్యకూడదు, ఆవిడ నాకు చెప్పకుండా వాల్వు ముట్టుకోకూడదు. అన్నదమ్ములు తెలివిగా పెట్టుకున్న ఏర్పాటు. వాళ్ళిద్దరూ పోయాక ఆ తెలివి మా నెత్తిన పడింది.

ఎందుకంటే అప్పటికే మాకు మాటల్లేవు.

కారణం చిన్నదే. ఒక పెళ్ళిలో పదిమంది ముందు ఆవకాయ మాట వచ్చింది. "మా అక్క జాడీకి నూనె చూపించి మళ్ళీ డబ్బాలో పోసేస్తుంది" అంది ఆవిడ. అందరూ నవ్వారు. వడ్డించేవాడు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచీ నేను మాట్లాడలేదు. నూనె తక్కువ పోశానని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ముక్క మునిగితే చాలు, ఈత కొట్టాల్సిన పని లేదు.

మాటల్లేకపోవడం అంటే మా వైపు దానికో పద్ధతి ఉంది. ఒకే పెళ్ళికి పోవచ్చు, ఒకే వరసలో కూర్చోవచ్చు, ఒకరి కూర ఇంకొకరు తినొచ్చు. మొహం చూసి మాట మాత్రం అనకూడదు. ముందు పలకరించినవాళ్ళు ఓడిపోయినట్టు. "ఫోన్ చెయ్యొచ్చుగా అత్తయ్యా" అంది మా కోడలు. ఫోన్ చేసినా పలకరించినట్టే కదా! మిస్డ్ కాల్ ఇచ్చినా ముందు ఇచ్చినవాళ్ళే లోకువ. మా అబ్బాయీ, కోడలూ పొద్దున్నే బండి మీద నూజివీడు ఉద్యోగాలకి పోతారు. ఆవిడ కొడుకు కాయ వ్యాపారం మీద మార్కెట్ యార్డులోనే ఉంటాడు. పగలంతా గోడకి ఇటు నేను, అటు ఆవిడ.

అందుకని నేను గేదెతో చెప్పేదాన్ని. "ఏమే, మోటారు వేస్తున్నానే. వినబడిందా?" అని గట్టిగా అనేదాన్ని. ఆవిడ కోళ్ళకి గింజలు వేస్తూ "వాల్వు తిప్పానర్రా, ఇక వేసుకోవచ్చు" అనేది. కోళ్ళకీ గేదెకీ ఆ విధంగా ఏళ్ళ తరబడి తోట నీటి విషయాలన్నీ తెలుసు. ఒట్టిపోయిన గేదెని ఊరికే మేపడం ఎందుకని ఓ వేసవిలో అమ్మేశాను. అమ్మిన మర్నాడు తెలిసింది, నాకు నోరు పోయినట్టయిందని. గుంజకి చెబుదామంటే మనసొప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పిల్ల గోడ ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టింది. మా పెద్దరసం మామిడి చెట్టు కొమ్మ గోడ మీదికి వాలి ఉంటుంది. ఆ నీడన కాళ్ళు ఒకటి ఇటూ ఒకటి అటూ వేసి, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది.

వేరే ఇంటి గోడైతే ఎవరో ఒకరు అదిలించేవారు. ఇక్కడ నేను అదిలించలేదు. అది ఆవిడ పెట్టిన మనిషి అనుకున్నాను. నా ఇంట్లో ఏం జరుగుతోందో చూసి చెప్పడానికి కూర్చోబెట్టిందని నాకు గట్టి నమ్మకం. ఆవిడ కూడా అదిలించలేదు. నేను పెట్టిన మనిషి అనుకుందట. ఆ విధంగా మా ఊళ్ళో ఎవరికీ చెందని పిల్ల, ఒకేసారి రెండిళ్ళకి చెందింది.

చూసి పోయి చెప్పే మనిషి ఉన్నప్పుడు మనం కాస్త బాగా కనబడాలి కదా. గారెలు వండిన రోజు పిల్లని పిలిచి రెండు చేతిలో పెట్టాను. "అక్కడికి పోయి చెప్పు, ఇక్కడ గారెలు మిగిలిపోతున్నాయని" అన్నాను. కాకికి మెతుకు వెయ్యడానికి ఆలోచించే మనిషినని నన్ను ఊరంతా అంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడి ఉంటుంది కనక, ఇది కూడా పడాలని నా ఉద్దేశం. పిల్ల గోడ మీద కూర్చునే ఆ రెండూ తింది. ఆవిడకి చెప్పాల్సిన పని లేకపోయింది, ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మర్నాడు అటు నుంచి బూరెలు వచ్చాయి, పైన నెయ్యితో సహా. ఆ మర్నాడు నేను పులిహోర కలిపాను. ఆవిడ కోడిగుడ్డు వండింది. నా చేత్తో నేను అంత ఖర్చు పెట్టింది మా అబ్బాయి పెళ్ళికి, మళ్ళీ ఆ పిల్ల ముందు పరువుకి. ఓ పది రోజులు గడిచేసరికి పిల్ల బుగ్గలు కాస్త పైకి వచ్చాయి. మా ఇద్దరిలో ఎవరికీ దాని మీద జాలి లేదు, ఒట్టు. ఉంటే "అయ్యో పాపం" అని ఊరుకునేవాళ్ళం.

ఒక రోజు ఆవిడ పిల్లకి తలంటి, జడ వేసి పంపింది. చెవుల వెనక నుంచి మెడ మీదికి నూనె కారుతోంది. అంత నూనె తలకి ఎవరూ రాయరు. అది పిల్లకి రాసింది కాదు, నాకు రాసింది. నేను ఊరుకుంటానా? మా కోడలు పడేద్దామనుకున్న చీర తీసి, చింపి, రెండు గౌన్లు కుట్టాను. మిగిలిన ముక్కతో మసిగుడ్డ కూడా వచ్చింది.

ఇక మోటారు సంగతి. త్రీఫేజ్ కరెంటు వచ్చింది. కాయ నిమ్మకాయంత అయిన రోజులు, నీళ్ళు తప్పితే రాలిపోతుంది. నేను స్టార్టరు దగ్గర, ఆవిడ వాల్వు దగ్గర. గేదె లేదు. గోడ మీద పిల్ల ఉంది.

"ఏమే పిల్లా, ఆ మహాతల్లికి చెప్పు. మోటారు వేస్తున్నాను, వాల్వు తిప్పమను. తిప్పితే చేతులేం అరిగిపోవులే అను."

గోడకి అవతల ఆవిడ నిలబడి అంతా వింటూనే ఉంది. విన్నా లెక్కలోకి రాదు. పిల్ల అటు తిరిగింది.

"చిన్నమ్మగారండీ, పెద్దమ్మగారు మోటారు వేస్తున్నారంటండీ. కాస్త వాల్వు తిప్పుతారా అంటున్నారండీ. చేతులు జాగ్రత్తంటండీ."

ఆవిడ తల ఎగరేసింది. "వాల్వు ఎప్పుడో తిప్పానని చెప్పవే. కరెంటొచ్చి అరగంటయింది, మహారాణిగారికి ఇప్పుడు తెల్లారిందా అని అడుగు."

పిల్ల ఇటు తిరిగింది. "పెద్దమ్మగారండీ, తిప్పేశారంటండీ. మీకు నిద్ర బాగా పట్టిందా అని అడుగుతున్నారండీ."

నాకు నవ్వొచ్చింది. పళ్ళు బిగించుకుని స్టార్టరు నొక్కాను. నీళ్ళు పైపులో పోతుంటే పిల్ల గోడ మీద నిటారుగా కూర్చుంది. అంతకు ముందు ఎప్పుడూ వంగి, ముడుచుకుని కూర్చునేది. పని ఉన్నవాళ్ళ వీపు వేరేగా ఉంటుంది.

మర్నాటి నుంచి అది దాని ఉద్యోగం. కరెంటు వచ్చే వేళకి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఒక్క మోటారే కాదు, రాలిన రసం పండు ఎవరిది, మీ కోడి మా గింజలు తింది, మీ పొగ మా బట్టల మీదికి వచ్చింది, అన్నీ దాని ద్వారానే. మేం రాళ్ళు ఇస్తే అది పూలు చేసి అవతల పెట్టేది. ఎవరు నేర్పారో నాకు తెలీదు. చెడ్డ మాట ఎలా ఉంటుందో బాగా ఎరిగిన పిల్ల కదా, అది ఇంకొకళ్ళ చెవిలో ఎందుకు వెయ్యాలి అనుకుందేమో.

బడికి మాత్రం పోయేది కాదు. ఒక రోజు చెవి పట్టుకుని అడిగాను.

"రేపు నేను చీటీ రాసిస్తే ఏం చేస్తావే? చదవడం రానిది కబురెలా మోస్తుంది?"

"మీరు నోటితో చెప్పండి, నేను నోటితోనే చెబుతానండీ."

"నోటితో ఎంతకాలం? నేను మూడో తరగతితో మానేశాను. ఏమైందో చూశావుగా."

"ఏమైందండీ?"

"గేదెతో మాట్లాడాల్సి వచ్చింది."

అది నిజంగానే భయపడింది. సోమవారం నుంచి బడికి పోయింది. పొద్దున కరెంటు వచ్చే వారం బడికి ముందు వాల్వు సంగతి చూసుకునేది, సాయంత్రం వచ్చే వారం బడి అయ్యాక. పంతులమ్మగారు సంతోషించి, తన వల్లే పిల్ల దారిలో పడిందని అందరికీ చెప్పింది. చెప్పుకోనీ అని ఊరుకున్నాను.

మా ఊళ్ళో మాట్లాడుకోని ఇళ్ళకి కరువు లేదు. గట్టు దగ్గర కొట్టుకున్నవాళ్ళు, పెళ్ళిలో పీట దగ్గర అలిగినవాళ్ళు, మామాఅల్లుళ్ళు, వియ్యపురాళ్ళు. మా గోడ మీద సంగతి చూసి ఒక్కొక్కళ్ళే పిల్లని అడగడం మొదలుపెట్టారు. మాటల్లేని ఇంటికి పెళ్ళిపిలుపుకి పోవాలంటే పిల్లని వెంట తీసుకుపోయేవారు. బొట్టు పెట్టేది వాళ్ళు, "తప్పకుండా రావాలంటండీ" అనేది ఈ పిల్ల. దారిలో పోతుంటే "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని అందరూ అడిగేవారు. కడుపు నిండాక అడగడం సులువు. కాలనీలో మేనత్త కూడా "మా పిల్ల" అనడం నేర్చుకుంది. మధ్యలో అది మమ్మల్ని అమ్మగార్లనడం మానేసి పెద్దమామ్మ, చిన్నమామ్మ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. గమనించేసరికి ఆలస్యమైపోయింది, ఇక వద్దనడానికి బాగుండదు.

ఇలా ఓ రెండేళ్ళుగా సాఫీగా జరిగిపోతున్న తగాదాని ఒక ఈదురుగాలి పాడుచేసింది.

బంగినపల్లి ఇంకో వారంలో కోతకి వస్తుందనగా, మధ్యాహ్నం భోజనాలు అయ్యాయో లేదో ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. కాయ రాలుతున్న చప్పుడు వింటే ఈ వైపు ఆడవాళ్ళెవరూ ఇంట్లో నిలవలేరు. బుట్ట పట్టుకుని నేను పరిగెత్తాను. అటు నుంచి ఆవిడ పరిగెత్తింది. పిల్ల గౌను చెంగులో కాయలు ఏరుతోంది. నేను పెద్ద చెట్టు కింద వంగి ఉన్నాను, నేల తప్ప ఇంకేమీ చూడడం లేదు.

"అక్కా! వెనక్కి రా! కొమ్మ!"

వెనక్కి గెంతాను. కొమ్మ వచ్చి నా బుట్ట మీద పడింది.

"చూస్తూనే ఉన్నానులే. నువ్వు ముందు ఆ కరెంటు తీగ కింద నుంచి ఇటు రా" అన్నాను.

అన్నాక ఇద్దరం ఆగిపోయాం. వాన మొదలైంది. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం. ఎన్నేళ్ళకో. ఆవిడ పెద్దదైపోయింది. పిల్ల కాయల చెంగు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది, ఏం చేరవెయ్యాలో తెలీక.

తోటికోడలు అక్క ప్రాణం కాపాడిందని ఊరు అంది. ముందు పలకరించింది ఆవిడేనని నేను గుర్తుపెట్టుకున్నాను. ఏదైతేనేం, ఆ సాయంత్రం నుంచి మాటలు పారాయి. ఇన్నేళ్ళ మాటలు ఉన్నాయి కదా, ఎవరి మోకాళ్ళు ఎప్పుడు నొప్పెట్టాయో, ఎవరి కోడలు ఏమందో. చూడడానికి ఊరి ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చారు. "ఎంత బాగుందో చూడండి, అక్కాచెల్లెళ్ళలా!" అన్నారు. రాలిన కాయ పచ్చడికి పనికిరాదని ఆవిడ, దెబ్బ తగలనివి ఏరుకుంటే ఏం పోతుందని నేను, వాదించుకుంటూనే మా వసారాలో ఇద్దరం కలిసి ఆవకాయ కలిపాం. మోటారు వేస్తూ "చెల్లీ, తిప్పు" అంటే చాలు, "తిప్పానక్కా" అనేది. ఎంత సులువు! ఇంత సులువైన పనికి ఒక మనిషి ఎందుకు?

ఆ సంగతి మాకంటే ముందు పిల్లకి తట్టింది.

గోడ ఖాళీగా ఉందని చూసింది ఆవిడే. "పిల్ల రావడం లేదేంటక్కా?" అంది. బడిలో పని ఉందేమోలే అన్నాను. మర్నాడు మేనత్త వచ్చింది, చేతులు నలుపుకుంటూ.

"పిల్లని పంపించేస్తున్నామండీ. గన్నవరం అవతల ఎవరింట్లోనో చంటిపిల్లని ఆడించే పనంటండీ. వాళ్ళ నాన్న చూశాడు. రేపు బస్సుకి తీసుకెళతానండీ."

"బడో?"

"అక్కడ వాళ్ళు చదివిస్తామన్నారండీ."

అలా చదివించినవాళ్ళని నా జన్మలో నేను చూడలేదు. "పిల్ల ఏమంది?" అని అడిగాను.

"వద్దంటుందనుకున్నానండీ. తనే పోతానంది."

పిల్లని పిలిపించాను. నేను కుట్టిన గౌనే వేసుకుని వచ్చింది. మళ్ళీ వంగి నిలబడింది.

"ఎందుకు పోతానన్నావే?"

"మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా మామ్మా."

"మాట్లాడుకుంటే?"

"ఇంక నాకిక్కడ పనేం ఉంది?"

ఇలాంటి మాటలు నాకు అలవాటు లేదు. "పని లేకపోతే ఏం? ఉండు. ఇక్కడ అన్నం తిను, బడికి పో."

"ఊరికేనా?"

"ఊరికేనే."

అది నా మొహంలోకి కాసేపు చూసింది. నమ్మలేదు. నా గురించి అంత బాగా తెలిసిన మనిషి ఊళ్ళో ఇంకొకళ్ళు లేరు. ఊరికే పెట్టిన అన్నం ఎన్నాళ్ళు పెడతారో దానికి తెలుసు. తండ్రి ఊరికే పెట్టాడు, మానేశాడు. మేనత్త ఊరికే పెట్టింది, మరిచిపోయింది. పనికి పెట్టిన అన్నమే రోజూ వచ్చింది. "వెళ్ళొస్తాను మామ్మా" అని పోయింది.

ఆవిడా నేనూ వసారాలో కూర్చున్నాం. జాడీ మధ్యలో ఉంది.

"అయితే మళ్ళీ మానేద్దామక్కా" అంది ఆవిడ.

"ఏం మానేద్దాం?"

"మాట్లాడుకోవడం."

"ఇప్పుడే కదా మొదలుపెట్టింది! అయినా దేని మీద మానేస్తాం? కారణం ఉండాలిగా."

"కొత్తది ఎందుకు? పాతది బాగానే ఉందిగా" అని జాడీ వైపు చూసింది. మర్నాడే మూడో రోజు. ఆవకాయ తిరగకలిపి, పైన నూనె పొయ్యాలి. బస్సు ఆగేది మా ఇంటి ముందే. నాకు ఆవిడ బుర్ర మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఎవరెవరు ఏమేం అనాలో కూడా కూర్చుని అనుకున్నాం. గట్టిగా అనమని ఆవిడ, మరీ గొంతు పోగొట్టుకోవద్దని నేను.

మర్నాడు బస్సు వేళకి మేనత్తా, పిల్లా వచ్చి రోడ్డు వార నిలబడ్డారు. పిల్ల చేతిలో బట్టల సంచి. మేం వసారాలో జాడీ మూత తీశాం. నేను ఆవకాయ కలిపి నూనె పోశాను.

"ఈ నూనె ఏ మూలకి అక్కా?" అంది ఆవిడ, అనుకున్నట్టే.

"చాలకపోతే మీ ఇంటి నుంచి తెచ్చుకో."

"జాడీకి నూనె చూపించి డబ్బాలో పోసుకునే బుద్ధి నీకు ఈ జన్మకి పోదు!"

"మీ పుట్టింట్లో నూనె బావి ఉందేమో, మా ఇంట్లో లేదు!"

రోడ్డు మీద జనం ఆగారు. ఇంతవరకూ అంతా అనుకున్న ప్రకారమే. అక్కడ ఆవిడ గోడ వైపు నడిచి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అందుకే కదా బావగారు మా ఇంటికొచ్చి మా ఆవకాయ కలుపుకుని తినేవారు! రోజు మార్చి రోజు వచ్చేవారు. నీకు చెప్పొద్దనేవారు!"

ఇది మేం అనుకున్న మాట కాదు.

నేను గరిటె పెట్టేశాను. మా ఆయన నాతో ముప్పై ఏళ్ళు కాపురం చేసి, ఆవకాయ వేడి చేస్తుందని చెప్పి ముట్టుకునేవాడు కాదు. కోడిగుడ్డంత ముక్క వేసినా పక్కకి తోసేవాడు. వేడి చెయ్యనిది గోడ అవతల దొరుకుతోందన్నమాట. లేచి, మాట లేకుండా కొట్టంలోకి పోయాను. ఆవిడ తన పెరట్లోకి పోయి తలుపు వేసుకుంది.

కరెంటు ఉంది. వాల్వు మూసి ఉందని నాకు తెలుసు. పైపు పగిలితే ఎంత నష్టమో ఇంకా బాగా తెలుసు. స్టార్టరు నొక్కాను.

మోటారు మూలిగింది. నీళ్ళకి దారి లేక పైపు అదరడం మొదలైంది. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళకి ఎరుకే. నేను స్టార్టరు మీద చెయ్యి పెట్టి, పైపు అతుకు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ తలుపు తియ్యలేదు. బస్సు హారన్ వినబడింది. అతుకు దగ్గర సన్నగా నీళ్ళు చిమ్మాయి. నా జీవితంలో ఒక వస్తువు పాడవుతుంటే చూస్తూ ఊరుకున్నది అదొక్కసారే.

"చిన్నమామ్మా! వాల్వు తిప్పమంటోంది పెద్దమామ్మ! త్వరగా!"

పిల్ల గోడ మీద ఉంది. ఎప్పుడు సంచి పడేసిందో, ఎప్పుడు ఎక్కిందో.

తలుపు తెరుచుకుంది. "ఆవిడగారికి ముందు మోటారు వెయ్యమని ఎవరు చెప్పారో అడుగు!" అంటూనే ఆవిడ వాల్వు తిప్పింది. నీళ్ళు తోటలోకి పారాయి.

పిల్ల నా వైపు తిరిగింది, ఆయాసపడుతూ. "తిప్పేసింది మామ్మా. ఈసారి నన్ను పిలిచాకే మోటారు వెయ్యమంటోంది."

ఆవిడ ఆ మాట అననే లేదు.

బస్సు పోయింది. మేనత్త సంచి తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "దీనికి అక్కడ పని మాట్లాడుకున్నామండీ" అంది. "ఇక్కడ పని ఎవరు చేస్తారు? ఇది లేకపోతే మా రెండిళ్ళ తోటా ఎండిపోతుంది" అన్నాను. గోడ అవతల నుంచి "అవును, ఎండిపోతుంది" అని వినబడింది, కోళ్ళతో అన్నట్టు. పిల్ల గోడ దిగలేదు. మేనత్త కాసేపు మా వైపు, పిల్ల వైపు చూసి, సంచి వసారాలో పెట్టి వెళ్ళిపోయింది.

అది జరిగి చాలా ఏళ్ళయింది. పిల్ల ఇప్పుడు నూజివీడులో ఇంటర్ చదువుతోంది. పొద్దున్నే బస్సుకి పోయి సాయంత్రం వస్తుంది. రాగానే సంచి విసిరేసి గోడ ఎక్కుతుంది, ఇప్పుడు ఎక్కడానికి ఒక్క గెంతు చాలు. ఒక పూట మా ఇంట్లో, ఒక పూట అటు భోజనం. మాట పోయిన ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ దాని కోసం వచ్చి మా వసారాలో కూర్చుంటారు. మోటారు ఇప్పుడు సెల్‌ఫోన్‌తో వేసేది వచ్చిందని మా అబ్బాయి అంటాడు. ఉన్నది బాగానే ఉందిగా, కొత్తది ఎందుకు అంటాను. పిసినారిదని వాడు నవ్వుకుంటాడు. నవ్వుకోనీ.

నా తోటికోడలు ఇంకా మనం నాటకమే ఆడుతున్నాం అనుకుంటోంది. అప్పుడప్పుడు కిటికీలోంచి నాకు కన్ను గీటుతుంది. నేను మొహం తిప్పుకుంటాను. భలే నటిస్తున్నానని మెచ్చుకుంటోంది, నాకు తెలుసు. మా ఆయన అటు తిన్న ఆవకాయ సంగతి విన్నాక నాది నటన కాదని ఆవిడకి ఎవరు చెబుతారు? చెప్పాలంటే మాట్లాడాలి.

మొన్న కొత్తావకాయ ఒక చిన్న జాడీ తీసి పిల్ల చేతిలో పెట్టాను. "ఇది అటు ఇవ్వు. ఈ ఏడు నూనె దండిగా పోశానని చెప్పు."

అది జాడీ పట్టుకుని కదల్లేదు. "మామ్మా, మీరిద్దరూ ఎప్పుడు కలుస్తారు?"

"నీ చదువు కానీ, చూద్దాం."

"కలిస్తే నా పని పోతుందిగా."

"ఈ ఊళ్ళో నీకు పని పోదులే. ఎవరో ఒకళ్ళు మానేస్తూనే ఉంటారు."

అది నవ్వి గోడ దగ్గరికి పోయింది. ఆవిడ వేలితో ముక్క తీసి నోట్లో వేసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ఆవిడ అన్న మాట కూడా నా చెవులారా విన్నాను: "ఇంకో రెండు గరిటెలు పోస్తే సొమ్మేం పోయేది?"

పిల్ల ఇటు తిరిగింది.

"చాలా బాగుందంట మామ్మా. బావగారు ఉంటే ఇదే తినేవారంటోంది."

కొంగుతో మొహం తుడుచుకున్నాను, ఎండ ఎక్కువగా ఉంది.

"జాడీ కడిగి తిరిగి పంపమను" అన్నాను.